అలర్జీ శ్వాసనాళ శోథలో కణ ఆసంజన అణువులు: ఒక శాస్త్రభావన చరిత్ర

సారాంశం

రక్తప్రవాహంలో సాగిపోయే తెల్లరక్తకణం శ్వాసనాళపు గోడలోకి ఎలా చేరుతుందన్న ప్రశ్నకు పంతొమ్మిదో శతాబ్దం నుంచి వెతికిన సమాధానాల చరిత్రే ఈ వ్యాసవిషయం. కప్ప నాలుకపై జరిగిన పరిశీలనలతో మొదలైన ఈ అన్వేషణ 1990 నాటికి ఆస్తమాను చేరింది. ఆసంజన అణువులను నేరుగా అడ్డుకుంటే ఆస్తమా అదుపులోకి వస్తుందన్న ఆశ ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో చాలావరకు నెరవేరలేదు. ఆ ఆశ ఎలా రూపొందింది, ఎందుకు తడబడింది, దాని నుంచి చికిత్సకు మిగిలినదేమిటి అన్న అంశాలను ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఆస్తమా, ఇసినోఫిల్, ఎండోథీలియం, సెలెక్టిన్లు, ఇంటెగ్రిన్లు, ఐకామ్-1, వీకామ్-1, ఉపకళ.

1. ఉపోద్ఘాతం

ఉబ్బసరోగికి ఊపిరి అందకపోవడానికి పైకి కనిపించే కారణం శ్వాసనాళాల కండరం బిగుసుకుపోవడం. ఇన్‌హేలర్ మందు పీల్చగానే ఆ బిగువు సడలుతుంది, రోగి తేరుకుంటాడు. అయితే నాళపు గోడలో వాపు అంత త్వరగా తగ్గదు. అలర్జీ ఉన్న వ్యక్తి తనకు సరిపడని పుప్పొడినో, దుమ్ముపురుగుల మలధూళినో పీల్చినప్పుడు కొద్ది నిమిషాల్లోనే నాళాలు ముడుచుకుంటాయి. దీన్ని తక్షణ ప్రతిచర్య అంటారు. చాలామందిలో మూడు నుంచి ఎనిమిది గంటల తర్వాత నాళాలు మళ్లీ ముడుచుకుంటాయి. ఇది ఆలస్య ప్రతిచర్య. ఈ రెండో ఘట్టానికీ, దీర్ఘకాలం నిలిచే నాళాల అతిస్పందనకూ రక్తం నుంచి వచ్చి చేరిన తెల్లరక్తకణాలతో సంబంధం ఉంది. వాటిలో ముఖ్యమైనవి ఇసినోఫిల్ కణాలు, టి-లింఫోసైట్లు.

ఈ కణాలు శ్వాసనాళంలో పుట్టినవి కావు. ఇసినోఫిల్ ఎముక మజ్జలో పుట్టి, రక్తంలో కొద్దిగంటలు తిరిగి, కణజాలంలోకి వెళ్లిపోతుంది. రక్తవేగానికి కొట్టుకుపోతున్న ఒక కణం వేలాది మైళ్ల పొడవున్న రక్తనాళ వ్యవస్థలో సరిగ్గా ఒకచోటే ఎందుకు ఆగుతుంది? ఆగిన కణం గోడను ఎలా దాటుతుంది? రెండు ఉపరితలాలు అంటిపెట్టుకుని ఉండే గుణాన్ని భౌతికశాస్త్ర పాఠ్యగ్రంథాలు ఆసంజనం అంటాయి. జీవకణాల మధ్య ఈ గుణాన్ని నిర్వహించే ప్రోటీన్లు కణ ఆసంజన అణువులు. పై రెండు ప్రశ్నలకు ఇరవయ్యో శతాబ్దం చివర లభించిన సమాధానం ఈ అణువులే. ఆ సమాధానం దొరకడానికి పట్టిన కాలం ఎంత దీర్ఘమో, దాన్ని చికిత్సగా మార్చే ప్రయత్నంలో ఎదురైన చిక్కులు అంత లోతైనవి.

2. గోడను దాటిన కణం

తెల్లరక్తకణాలు నాళపు గోడకు అంటుకోవడాన్ని మొదట చూసినవారికి ఆస్తమాతో ఏ సంబంధమూ లేదు. 1824లో ఫ్రాన్సుకు చెందిన హెన్రీ దుత్రోషే, 1839లో జర్మనీకి చెందిన రుడాల్ఫ్ వాగ్నర్ పారదర్శకమైన ఉభయచర కణజాలంలో ఈ కణాల కదలికను వర్ణించారు. కణాలు ప్రవాహం మధ్యనుంచి పక్కకు జరిగి గోడవెంట నెమ్మదిగా దొర్లడం వారి దృష్టిలో పడింది. 1846లో ఆగస్టస్ వాలర్ కప్ప నాలుకలో ఆ కణాలు గోడను దాటి బయటకు రావడాన్ని నమోదు చేశాడు. ఈ పరిశీలనలు అప్పట్లో పెద్దగా చర్చకు రాలేదు.

వాటికి సిద్ధాంత ప్రాధాన్యం 1867లో జూలియస్ కోన్‌హైమ్ వల్ల వచ్చింది. బెర్లిన్‌లో ఆయన గురువు రుడాల్ఫ్ విర్కో. చీములోని కణాలు గాయపడిన చోటి కణజాలంలోనే పుడతాయని విర్కో భావించాడు. కోన్‌హైమ్ రక్తకణాలకు రంగురేణువులతో గుర్తుపెట్టి, ఆ గుర్తున్న కణాలనే శోథకు గురైన కంటి కార్నియాలో చూపించాడు. సూక్ష్మదర్శిని కింద కప్ప సిరల గోడలోంచి కణాలు ఒక్కొక్కటిగా బయటపడే దృశ్యాన్ని వర్ణించాడు. తర్వాతి రచనల్లో ఆయన మరో అడుగు ముందుకు వేశాడు. శోథకు మూలం కణంలో కంటే నాళపు గోడలో వచ్చే మార్పులోనే ఉందని ప్రతిపాదించాడు. ఆ మార్పు ఏమిటో చూపించగల సాధనం ఆయనకు లేదు. గోడ లోపొర అయిన ఎండోథీలియం రక్తం జారిపోవడానికి వేసిన నున్నని పూత మాత్రమేనన్న అభిప్రాయం ఆ తర్వాత కూడా చాలాకాలం కొనసాగింది.

1882లో ఎలీ మెచ్నికాఫ్ భక్షకకణ సిద్ధాంతాన్ని రూపొందించాక పరిశోధకుల దృష్టి మళ్లీ కణం వైపుకే మళ్లింది. కణం చురుకైనది, గోడ నిష్క్రియమైనది అన్న ఈ విభజన దాదాపు ఒక శతాబ్దం నిలిచింది. 1960లో మార్చెసి, ఫ్లోరీ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో కణం గోడను దాటే మార్గాన్ని చిత్రించారు. దాంతో దారి కనబడింది. అక్కడే ఎందుకు ఆగిందన్న ప్రశ్న మిగిలే ఉంది.

3. కఫంలో కనిపించిన కణం

ఇదే కాలంలో ఆస్తమా గురించిన ఆలోచన వేరే దారిలో నడిచింది. 1860లో ఇంగ్లండు వైద్యుడు హెన్రీ హైడ్ సాల్టర్ ప్రచురించిన ప్రసిద్ధ గ్రంథం ఆస్తమాను ప్రధానంగా నాడీమూలమైన కండర సంకోచంగా చూసింది. స్వయంగా ఆ వ్యాధితో బాధపడిన సాల్టర్ అభిప్రాయానికి వైద్యలోకంలో ఎంతో గౌరవం దక్కింది. శోథ అన్న కోణం కఫపరీక్ష ద్వారా మెల్లగా ప్రవేశించింది. 1872లో లైడెన్ ఆస్తమా రోగుల కఫంలో సూదుల్లాంటి స్ఫటికాలను గుర్తించాడు. అంతకుముందే షార్కో వర్ణించిన స్ఫటికాలతో కలిపి వాటికి షార్కో-లైడెన్ స్ఫటికాలన్న పేరు స్థిరపడింది. అవి ఇసినోఫిల్ కణంలోని ప్రోటీన్ గడ్డకట్టినవని చాలా తర్వాత తేలింది.

1879లో పాల్ ఎర్లిక్ ఇయోసిన్ అనే ఎర్రని అద్దకపు రంగును పీల్చుకునే రేణువులున్న తెల్లరక్తకణానికి ఆ రంగు పేరుమీదుగానే ఇసినోఫిల్ అని పేరుపెట్టాడు. 1889లో గోలాష్ ఆస్తమా కఫంలో ఆ కణాలను చూపించాడు. 1922లో హ్యూబర్, కెస్లర్ ఆస్తమాతో మరణించినవారి శ్వాసనాళ గోడల్లో ఇసినోఫిల్ కణాలు గుమిగూడి ఉండడాన్ని వివరంగా వర్ణించారు. ఈ మధ్యలో 1906లో క్లెమెన్స్ వాన్ పిర్కే ‘అలర్జీ’ అన్న పదాన్ని సృష్టించాడు. 1966–67లో ఇషిజాకా దంపతులు అమెరికాలోనూ, యోహాన్సన్, బెనిక్ స్వీడన్‌లోనూ అలర్జీకి కారణమయ్యే ప్రతిరక్షకాన్ని విడివిడిగా కనుగొన్నారు. 1968లో దానికి ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ అన్న పేరు స్థిరమైంది. తక్షణ ప్రతిచర్యకు దీనితో సంతృప్తికరమైన వివరణ దొరికింది. ఆలస్య ప్రతిచర్యకు మాత్రం పూర్తి వివరణ దొరకలేదు.

ఇసినోఫిల్ చరిత్రలో తెలుగునేలకూ ఒక స్థానం ఉంది. నాటి మద్రాసు రాజధానిలోని చిత్తూరు జిల్లా మదనపల్లె సమీపాన ఆరోగ్యవరం క్షయ శానిటోరియంలో పనిచేసిన ఫ్రీమాట్-మోలర్, బార్టన్ 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ఒక పత్రం ప్రచురించారు. క్షయను పోలి ఉండి క్షయ కాని, రక్తంలో ఇసినోఫిల్ కణాలు విపరీతంగా పెరిగే ఒక ఊపిరితిత్తుల స్థితిని వారు అందులో వర్ణించారు. 1943లో వైన్‌గార్టెన్ దీనికి ఉష్ణమండల ఇసినోఫిలియా అన్న పేరు పెట్టాడు. రాత్రివేళ దగ్గు, పిల్లికూతలు, ఆయాసం దీని లక్షణాలు కావడంతో దీన్ని ఆస్తమాగా పొరబడడం సాధారణమైంది. ఫైలేరియా క్రిమి పిల్లలపై శరీరం చూపే అతిప్రతిచర్యే దీనికి మూలమని తర్వాత తేలింది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో ఫైలేరియా కోసం రూపొంది, 1947లో వెలువడిన డైఇథైల్‌కార్బమజైన్ దీనికీ మందైంది. నేటికీ తెలుగునాట ‘ఇస్నోఫీలియా’ అన్నది కణం పేరుగా కాక జబ్బు పేరుగా వాడుకలో ఉంది. ఈ అధ్యాయం చరిత్రకారుడికి ఒక విషయం స్పష్టం చేస్తుంది: వ్యాధికారణం, మందు రెండూ దొరికినా, రక్తంలోని ఇసినోఫిల్ ఊపిరితిత్తిని ఎలా గుర్తుపట్టి అక్కడ ఆగుతుందన్న ప్రశ్న అలాగే నిలిచిపోయింది.

4. అణువుల అన్వేషణ: 1964–1991

జవాబుకు దారి లింఫోసైట్ల అధ్యయనం నుంచి తెరుచుకుంది. ఆక్స్‌ఫర్డ్‌లో జేమ్స్ గోవన్స్, 1964 నాటికి, లింఫోసైట్లు రక్తం నుంచి శోషరస గ్రంథుల్లోకి, అక్కడి నుంచి తిరిగి రక్తంలోకి ఎడతెగక ప్రయాణిస్తాయని నిరూపించాడు. గ్రంథుల్లోని ప్రత్యేకమైన సిరల దగ్గరే అవి రక్తాన్ని వీడతాయి. 1976లో స్టాంపర్, వుడ్రఫ్ ఘనీభవించిన గ్రంథి ముక్కలపై లింఫోసైట్లను పోసి, అవి ఆ సిరలకే అంటుకుంటాయని చూపించారు. ఆసంజనాన్ని గాజుపలక మీద లెక్కించడం దీంతో సాధ్యమైంది. 1983లో స్టాన్‌ఫర్డ్‌లో గాలాటిన్, వైస్‌మన్, బుచర్ ఆ అంటుకోవడాన్ని ఆపే ఒక ఏకక్లోన ప్రతిరక్షకాన్ని తయారుచేశారు. అది పట్టుకున్న అణువునే ఈనాడు ఎల్-సెలెక్టిన్ అంటున్నారు.

బోస్టన్‌లో తిమోతీ స్ప్రింగర్ బృందం మరోవైపు నుంచి వచ్చింది. టి-కణాల పనిని ఆపే ప్రతిరక్షకాలను వెతుకుతూ 1981లో వారు ఎల్ఎఫ్ఏ-1 అనే అణువును చేరుకున్నారు. 1986లో రాబర్ట్ రాథ్‌లిన్, డస్టిన్, మార్లిన్, స్ప్రింగర్ దాని జోడీ అయిన ఐకామ్-1ను గుర్తించారు. 1987లో మైఖేల్ బెవిలాక్వా బృందం శోథ సంకేతాలు అందిన ఎండోథీలియం కొత్తగా బయటపెట్టే అణువును కనుగొంది. నేడు దాని పేరు ఇ-సెలెక్టిన్. 1989లో వీకామ్-1, 1990లో దాని జోడీ వీఎల్ఏ-4 వెలుగులోకి వచ్చాయి. గోడ నిష్క్రియమైన పూత కాదని, పరిస్థితిని బట్టి తన ముఖాన్ని మార్చుకోగలదని ఈ ఆవిష్కరణలతో స్పష్టమైంది. కోన్‌హైమ్ ఊహకు నూట ఇరవై ఏళ్ల తర్వాత అణువుల రూపంలో ఆధారం లభించింది.

1991లో లారెన్స్, స్ప్రింగర్ ప్రవాహాన్ని అనుకరించే గదిలో చేసిన ప్రయోగం ఈ అణువుల పని విభజనను తేల్చింది. సెలెక్టిన్ పూసిన ఉపరితలంపై కణం దొర్లుతుంది. ఐకామ్-1 మాత్రమే ఉంటే వేగంగా పోయే కణాన్ని అది పట్టలేదు; దొర్లుతూ వచ్చి, ఉత్తేజితమైన కణాన్ని మాత్రం గట్టిగా నిలుపుతుంది. అదే ఏడాది యూజీన్ బుచర్ ఈ అవగాహనను అంచెల నమూనాగా క్రోడీకరించాడు. మొదట సెలెక్టిన్లపై దొర్లడం, తర్వాత గోడపై ఉన్న రసాయన సంకేతాలు కణాన్ని ఉత్తేజపరచడం, ఆపై ఇంటెగ్రిన్లు రూపం మార్చుకుని గట్టిగా పట్టుకోవడం, చివరకు గోడను దాటడం. ఏ కణం ఎక్కడ ఆగాలన్నది ఏ ఒక్క అణువూ నిర్ణయించదు. వరుసలో ఉన్న అంచెలన్నీ కలిసి నిర్ణయిస్తాయి.

ఈ నమూనాకు అత్యంత బాధాకరమైన రుజువును కొందరు శిశువుల వ్యాధి అందించింది. పుట్టిన తర్వాత బొడ్డుతాడు ఆలస్యంగా ఊడడం, మళ్లీమళ్లీ సోకే బాక్టీరియా వ్యాధులు, పుండు ఉన్నా చీము పట్టకపోవడం, అదే సమయంలో రక్తంలో తెల్లకణాలు అపరిమితంగా ఉండడం ఆ వ్యాధి లక్షణాలు. ఎల్ఎఫ్ఏ-1 కుటుంబపు ఇంటెగ్రిన్లు లోపించడమే దీనికి కారణమని 1980లలో తేలింది. 1992లో సెలెక్టిన్లకు జోడీ అయ్యే చక్కెర నిర్మాణాలు లోపించిన ఇద్దరు పిల్లల వ్యాధిని వర్ణించారు. మొదటివారిలో కణాలు దొర్లుతాయి, ఆగలేవు. రెండోవారిలో దొర్లడమే సాధ్యం కాదు. ఆసంజనం లేని శరీరం ఎలా ఉంటుందో ఈ పిల్లల జీవితాలు ముందుగానే చెప్పాయి. ఆస్తమా చికిత్స చరిత్రలో ఈ పాఠం తిరిగి ఎదురవుతుంది.

5. ఆస్తమాలోకి ప్రవేశం

ఐకామ్-1ను కనుగొన్నవారిలో ఒకరైన రాథ్‌లిన్ తర్వాత అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఒక ఔషధసంస్థ ప్రయోగశాలలో పనిచేశాడు. అక్కడే క్రెయిగ్ వెగ్నర్ నాయకత్వాన జరిగిన పరిశోధన 1990లో సైన్స్ పత్రికలో వెలువడింది. ఏలికపాముల సారానికి అలర్జీ ఉన్న కోతులకు ఆ సారాన్ని పలుమార్లు పీల్పించి, కొన్నింటికి ఐకామ్-1ను అడ్డుకునే ప్రతిరక్షకాన్ని ఇచ్చారు. ప్రతిరక్షకం పొందిన కోతుల శ్వాసనాళాల్లో ఇసినోఫిల్ కణాల రాక తగ్గింది. నాళాల అతిస్పందన కూడా తగ్గింది. ఆసంజన అణువు ఒకటి ఆస్తమా వంటి వ్యాధి ప్రక్రియలో కారకమని ప్రయోగపూర్వకంగా చూపిన పత్రంగా దీనికి చరిత్రలో స్థానం ఉంది.

మరుసటి ఏడాది గుండెల్, వెగ్నర్ తదితరులు ఇదే జంతునమూనాలో ఒక్కసారి మాత్రమే అలర్జీకారకాన్ని పీల్పించి చూశారు. ఈసారి ఇ-సెలెక్టిన్ ప్రతిరక్షకం న్యూట్రోఫిల్ కణాల రాకనూ, ఆలస్య ప్రతిచర్యనూ అడ్డుకుంది. ఐకామ్-1 ప్రతిరక్షకం అడ్డుకోలేదు. ఒకే జంతువులో, ఒకే అలర్జీకారకానికి, శోథ తాజాదా, పాతదా అన్నదాన్ని బట్టి నడిపించే అణువు మారుతున్నదని ఈ రెండు ప్రయోగాలను పక్కపక్కన చదివితే తెలుస్తుంది. ఒకే అణువును లక్ష్యంగా పెట్టుకున్న చికిత్సకు ఎదురుకాబోయే ఇబ్బంది సూచన ఆనాడే ఇందులో ఉంది.

మరో ముఖ్యమైన ప్రశ్న ఎంపికకు సంబంధించినది. రక్తంలో న్యూట్రోఫిళ్లే ఎక్కువ. ఇసినోఫిళ్లు చాలా తక్కువ. అయినా అలర్జీ శ్వాసనాళంలో ఇసినోఫిళ్లే ఎందుకు గుమిగూడతాయి? 1991లో బాల్టిమోర్‌లోని బాక్నర్ బృందంతోపాటు మరికొన్ని బృందాలు ఇసినోఫిల్ ఉపరితలంపై వీఎల్ఏ-4 ఉందనీ, దాని ద్వారా అది వీకామ్-1కు అంటుకుంటుందనీ చూపించాయి. రక్తంలోని న్యూట్రోఫిల్ ఈ మార్గాన్ని వాడుకోదు. 1992లో ష్లైమర్ బృందం దీనికి తోడు మరో కొస అందించింది. ఇంటర్‌ల్యూకిన్-4 అనే సంకేతప్రోటీన్ ఎండోథీలియంపై వీకామ్-1ను పెంచుతుంది. అప్పుడు ఇసినోఫిళ్లు, బేసోఫిళ్లు అంటుకుంటాయి, న్యూట్రోఫిళ్లు అంటుకోవు. 1986లో మాస్‌మన్, కాఫ్‌మన్ ఎలుకల్లో వర్ణించిన రెండో రకం సహాయక టి-కణాలు తయారుచేసే సంకేతాల్లో ఇది ఒకటి. 1992లోనే రాబిన్సన్ బృందం అలర్జీ ఆస్తమా ఉన్నవారి శ్వాసనాళాల నుంచి సేకరించిన కణాల్లో ఈ రకపు సంకేతాల ఆధిక్యాన్ని చూపించింది. 1994లో ఇసినోఫిళ్లను ఆకర్షించే ఇయోటాక్సిన్ వెలుగుచూసింది.

ఈ విధంగా ఒక పూర్తి వరుస ఏర్పడింది. అలర్జీకారకాన్ని గుర్తించిన టి-కణాలు ఇంటర్‌ల్యూకిన్-4, 13, 5లను విడుదల చేస్తాయి. ఐదో సంకేతం మజ్జలో ఇసినోఫిళ్ల ఉత్పత్తినీ, వాటి ఆయుష్షునూ పెంచుతుంది. నాలుగు, పదమూడు సంకేతాలు శ్వాసనాళపు చిన్న సిరల గోడలపై వీకామ్-1ను నిలిపి, ఇయోటాక్సిన్ తయారీని ప్రేరేపిస్తాయి. దొర్లుతూ వచ్చిన ఇసినోఫిల్ వీకామ్-1 దగ్గర ఆగి, ఐకామ్-1 సాయంతో గోడ దాటి, తన రేణువుల్లోని విషప్రోటీన్లను ఉపకళ పక్కన కుమ్మరిస్తుంది. వాయుకోశాల చుట్టూ ఉన్న సన్నని కేశనాళికల్లో తెల్లకణాలు ఇరుకువల్లనే నిదానిస్తాయి. ఆస్తమాలో శోథ జరిగే శ్వాసనాళపు గోడకు రక్తం వేరే శాఖ ద్వారా అందుతుంది. అక్కడి సిరల్లో కణాన్ని ఆపడానికి ఆసంజన అణువులు తప్పనిసరి.

6. మందుగా మారని జ్ఞానం

ఇంత స్పష్టమైన చిత్రం ముందుండగా చికిత్స వైపు అడుగులు వేగంగా పడ్డాయి. 1994లో ఏబ్రహామ్ బృందం అలర్జీ ఉన్న గొర్రెల్లో వీఎల్ఏ-4 ప్రతిరక్షకం ఆలస్య ప్రతిచర్యను అడ్డుకుంటుందని చూపించింది. మనుషుల్లో జరిగిన పరీక్షలు ఆ ఫలితాన్ని పునరావృతం చేయలేదు. 2003లో ప్రచురితమైన ఒక పరీక్షలో ఎల్ఎఫ్ఏ-1ను అడ్డుకునే ఎఫాలిజుమాబ్ కఫంలో కణాలను తగ్గించినా, ఊపిరి సామర్థ్యంలో నమ్మదగిన మెరుగుదలను చూపలేకపోయింది. 2005లో వెలువడిన మరో పరీక్షలో పీల్చే వీఎల్ఏ-4 నిరోధకం ఐవీఎల్745 తక్షణ ప్రతిచర్యపైగానీ ఆలస్య ప్రతిచర్యపైగానీ ప్రభావం చూపలేదు. 2006లో పీల్చే సెలెక్టిన్ నిరోధకం బైమోసియమోస్ స్వల్ప ఆస్తమాలో ఆలస్య ప్రతిచర్యను కొంత తగ్గించింది. అది కూడా నిత్య చికిత్స స్థాయికి చేరలేదు.

ఇతర వ్యాధుల రంగం నుంచి వచ్చిన వార్తలు మరింత కలవరపెట్టాయి. కోతుల ఆస్తమా ప్రయోగంలో వాడిన ఐకామ్-1 ప్రతిరక్షకాన్నే ఎన్‌లిమోమాబ్ పేరుతో పక్షవాత రోగుల్లో పరీక్షించారు. 2001లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం మందు పొందినవారి స్థితి పొందనివారికంటే అధ్వానమైంది. ఆల్ఫా4 ఇంటెగ్రిన్‌ను అడ్డుకునే నటాలిజుమాబ్‌కు 2004 నవంబరులో అమెరికాలో మల్టిపుల్ స్క్లెరోసిస్ చికిత్సకు అనుమతి లభించింది. జేసీ వైరస్ వల్ల వచ్చే ప్రాణాంతక మెదడు వ్యాధి కొందరిలో బయటపడడంతో 2005 ఫిబ్రవరిలో దాని పంపిణీ ఆగింది. కఠినమైన నిఘా నిబంధనలతో 2006లో తిరిగి వచ్చింది. అదే మెదడు వ్యాధి కారణంగా 2009లో ఎఫాలిజుమాబ్ విపణి నుంచి శాశ్వతంగా తప్పుకుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ వంటి తీవ్రవ్యాధిలో రోగి, వైద్యుడు కలిసి ఈ ప్రమాదాన్ని అంగీకరించవచ్చు. పీల్చే స్టెరాయిడ్లతో చాలామందిలో అదుపులో ఉండే ఆస్తమాలో అటువంటి బేరానికి తావు తక్కువ.

ఈ వైఫల్యాలకు మూడు కారణాలు చెప్పుకోవచ్చు. మొదటిది ప్రత్యామ్నాయ మార్గాలు. ఒక అంచెను అడ్డుకుంటే కణం మరో జోడీని వాడుకోగలదు. రెండోది నమూనాల పరిమితి. కోతిలోగానీ గొర్రెలోగానీ కొద్దిరోజుల్లో సృష్టించిన శోథ, మనిషిలో ఏళ్ల తరబడి పేరుకున్న శోథకు సమానం కాదు. మందు ఇచ్చేనాటికి ఎన్నో కణాలు గోడ దాటి లోపల స్థిరపడే ఉంటాయి. మూడోది అన్నిటికంటే మౌలికమైనది. ఇసినోఫిల్‌ను శ్వాసనాళంలోకి అనుమతించే ద్వారం, వైరస్‌ను వెంటాడే లింఫోసైట్‌ను మెదడులోకి అనుమతించే ద్వారం ఒకే రకం తాళంతో తెరుచుకుంటాయి. పేగు విషయంలో ఈ చిక్కు కొంత తీరింది. పేగు సిరలకే ప్రత్యేకమైన చిరునామా అణువు ఉండడం వల్ల, దానికి జోడీ అయిన ఇంటెగ్రిన్‌ను మాత్రమే అడ్డుకునే వెడోలిజుమాబ్‌కు 2014లో అనుమతి దొరికింది. శ్వాసనాళాల విషయంలో చికిత్సకు ఆధారం కాగల అటువంటి ప్రత్యేక చిరునామా చేతికి రాలేదు.

7. గోడను పట్టి ఉంచే అణువులు

ఆసంజన అణువుల కథ రక్తనాళంతో ముగియదు. శ్వాసనాళపు లోపలి ఉపకళలో కణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచేవి కూడా ఆసంజన అణువులే. ఇ-కాథెరిన్ వాటిలో ముఖ్యమైనది. రక్తనాళంలో ఆసంజనం పెరగడం శోథకు దారితీస్తే, ఉపకళలో ఆసంజనం తగ్గడం అదే శోథకు తలుపు తీస్తుంది. 1999లో వాన్ తదితరులు ఇంటి దుమ్ముపురుగు మలంలోని ఎంజైము ఉపకళ కణాల మధ్య బిగుతైన బంధాలను తెంచగలదని చూపించారు. అలర్జీకారకం తన దారిని తానే తెరుచుకోగలదన్నది దీని సారాంశం.

వైరస్‌లతో సంబంధం మరింత ఆశ్చర్యకరమైనది. జలుబు కలిగించే రైనోవైరస్‌లలో అధికభాగం ఉపకళ కణంలోకి ప్రవేశించడానికి ఐకామ్-1నే వాడుకుంటాయని 1989లో రెండు బృందాలు కనుగొన్నాయి. శోథ ఉన్న శ్వాసనాళపు ఉపకళపై ఐకామ్-1 పెరుగుతుంది. బడిపిల్లల్లో ఆస్తమా ఉధృతమైన సందర్భాల్లో సుమారు 80 నుంచి 85 శాతం వరకు వైరస్‌ల ఉనికిని 1995లో జాన్‌స్టన్ బృందం ఇంగ్లండులో నమోదు చేసింది. 2014లో చిన్నపిల్లల తీవ్ర ఆస్తమాతో ముడిపడిన జన్యువుగా సీడీహెచ్ఆర్3 బయటపడింది. అది కాథెరిన్ కుటుంబానికి చెందినది. 2015లో అదే అణువు రైనోవైరస్-సి రకానికి గ్రాహకమని తేలింది. అలర్జీ, జలుబు, ఉబ్బసం ఒకదాని వెంట ఒకటి రావడాన్ని తల్లులూ వైద్యులూ ఎంతోకాలంగా గమనిస్తూనే ఉన్నారు. ఆ అనుభవానికి ఆసంజన అణువులు ఒక యాంత్రిక వివరణను సమకూర్చాయి.

8. పక్కదారిలో దొరికిన ఫలితం

ఆస్తమాలో ప్రభావం చూపిన కొత్త మందులు ఆసంజనాన్ని నేరుగా తాకలేదు. ఇంటర్‌ల్యూకిన్-5ను అడ్డుకునే మెపోలిజుమాబ్ చరిత్ర కూడా సాఫీగా సాగలేదు. 2000లో లెకీ బృందం పరీక్షలో రక్తంలోనూ కఫంలోనూ ఇసినోఫిళ్లు తగ్గినా ఆలస్య ప్రతిచర్య తగ్గలేదు. 2003లో ఫ్లడ్-పేజ్ బృందం శ్వాసనాళ కణజాలంలో ఇసినోఫిళ్లు సుమారు సగమే తగ్గాయని చూపించింది. రక్తాన్ని ఖాళీ చేసినంత సులభంగా గోడ లోపల చేరిన కణాలను ఖాళీ చేయలేమన్నది ఆ ఫలితం చెప్పిన మాట. 2009లో ఇసినోఫిళ్లు ఎక్కువగా ఉన్న తీవ్ర ఆస్తమా రోగులను ఎంచుకుని పరీక్షించినప్పుడు ఉధృతులు తగ్గాయి. 2015లో అనుమతి లభించింది.

2018లో ఆస్తమాకు అనుమతి పొందిన డూపిలుమాబ్ ఈ చరిత్రలో మరింత ఆసక్తికరమైన మలుపు. ఇది ఇంటర్‌ల్యూకిన్-4, 13ల గ్రాహకాన్ని అడ్డుకుంటుంది. దీన్ని పొందిన కొందరు రోగుల్లో వ్యాధి మెరుగవుతుండగానే రక్తంలో ఇసినోఫిళ్లు కొంతకాలం పెరిగాయి. మజ్జ కణాలను తయారుచేస్తూనే ఉన్నా, గోడపై వీకామ్-1, ఇయోటాక్సిన్ల ప్రేరణ తగ్గడంతో అవి కణజాలంలోకి పోలేక రక్తంలోనే నిలిచిపోతాయన్నది దీనికి ఇచ్చే వివరణ. 1992లో గాజుపాత్రలోని ఎండోథీలియంపై ష్లైమర్ బృందం చూసిన సంబంధం పావుశతాబ్దం తర్వాత రోగి రక్తపరీక్ష నివేదికలో ఈ రూపంలో ప్రతిఫలించింది. నిత్యం వాడే పీల్చే స్టెరాయిడ్లు కూడా శోథజన్యువులను మేల్కొలిపే ఎన్ఎఫ్-కాపాబి అనే కేంద్రకప్రోటీన్‌కు ఎదురు నిలిచి, ఐకామ్-1, వీకామ్-1 వంటి అణువుల తయారీకి దారితీసే ప్రేరణను కొంతమేర తగ్గిస్తాయి. తాళాన్ని విరగ్గొట్టడం ప్రమాదకరమైనచోట, తాళం తీయమన్న ఆజ్ఞను ఆపడం ఫలించింది.

9. ముగింపు

అలర్జీ శ్వాసనాళ శోథలో ఆసంజన అణువుల చరిత్రను విజయగాథగానో, విఫలయత్నంగానో కుదించడం సరికాదు. శోథ గోడలో మొదలవుతుందన్న కోన్‌హైమ్ ఊహ 1980లలో అణువుల పేర్లను పొందింది. 1990లో ఆస్తమా ప్రక్రియలో వాటి కారకత్వం రుజువైంది. అయితే కారణం తెలియడం, ఆ కారణాన్ని తొలగించగలగడం రెండు వేర్వేరు దశలని తర్వాతి ఇరవై ఏళ్లు నేర్పాయి. వ్యాధిలో పాల్గొనే యంత్రాంగమే రక్షణలోనూ పాల్గొంటున్నప్పుడు, దాన్ని పూర్తిగా నిలిపివేయడం రోగికి మేలు చేయదు. చీము పట్టని పుండ్లతో బాధపడిన శిశువులు ఈ హెచ్చరికను మందుల పరీక్షలకంటే ముందే వినిపించారు.

ఈ చరిత్రలో విద్యాబోధనకు పనికివచ్చే అంశం ఒకటి ఉంది. పాఠ్యపుస్తకాలు దొర్లడం, ఆగడం, దాటడం అన్న అంచెల బొమ్మను స్థిరమైన సత్యంగా చూపుతాయి. ఆ బొమ్మలోని ప్రతి బాణం వెనుక ఒక ప్రతిరక్షకం, ఒక జంతునమూనా, ఒక రోగి ఉన్నారు. వాటి పరిమితులను కలిపి బోధించినప్పుడే, కోతుల్లో అంత బాగా పనిచేసిన ప్రతిరక్షకం మనుషుల్లో ఎందుకు మందు కాలేదన్న ప్రశ్నను విద్యార్థి సరిగ్గా అడగగలడు. శ్వాసనాళానికే ప్రత్యేకమైన చిరునామాను గుర్తించడం, చెదిరిన ఉపకళ బంధాలను తిరిగి బిగించడం ఈ రంగం ముందున్న రెండు పెద్ద పనులు. కణాన్ని ఆపే అణువులపై సాగినంత పరిశోధన గోడను నిలిపే అణువులపైనా సాగవలసి ఉంది.